ఆగిన మోటారులో అరిగిన బేరింగు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. "మా బాబాయి కళ్ళారా చూశాడు" అంటారు. బాబాయిని నిలదీస్తే "నేను కాదు, నా స్నేహితుడు చూశాడు" అంటాడు. ఆ స్నేహితుడు ఏ ఊళ్ళో ఉన్నాడో ఎవరికీ తెలియదు. నేను మోటార్లు విప్పి బాగుచేసి బతికినవాణ్ణి. ఏ మోటారు విప్పినా లోపల రాగి తీగ, ఇనుము, గ్రీజు, దుమ్ము కనిపించాయి. ఎప్పుడైనా ఒక చచ్చిన బల్లి. అంతకు మించి ఏమీ లేదు.

దానికి తోడు నాది ఉత్త అనుమానపు బుర్ర. పాలు పోసే మనిషి ఎదురుగానే పాలలో వేలు ముంచి చూసే రకాన్ని. తాళం వేశాక మూడుసార్లు గుంజి చూస్తే గానీ గడప దిగను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ బుర్ర వల్ల నేను పోగొట్టుకున్నది కూడా ఈ కథలోనే ఉంది. మీరూ నా మాటను అనుమానిస్తూనే చదవండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇది 1969 నాటి సంగతి. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. మాది గుంటూరు వైపు పల్లె. అన్నయ్య ఉద్యోగం హైదరాబాదుకు మారినప్పుడు ఆయన వెంట వచ్చి, నారాయణగూడలో ఒక ముసలి మేస్త్రీ దగ్గర మోటార్లకు రాగి తీగ చుట్టే వైండింగు పని నేర్చుకుని, చిక్కడపల్లి సందులో చిన్న దుకాణం పెట్టుకున్నాను. ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు, కూలర్లు, పెళ్ళిళ్ళ వంటవాళ్ళ రుబ్బుడు యంత్రాలు, ఏవి వస్తే అవి.

దుకాణంలో నాతోపాటు బాలయ్య ఉండేవాడు. మహబూబ్‌నగర్ జిల్లా మనిషి. ఇళ్ళ కట్టుబడి కూలీగా పట్నం వచ్చి, కాంక్రీటు కలిపే యంత్రం దగ్గర పనిచేస్తూ మోటార్ల సంగతి పట్టేశాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అయినా నన్ను "అన్న" అనేవాడు, ఇక్కడి అలవాటు ప్రకారం. పేరుకు నా దుకాణమే గానీ, ఇద్దరం సమానంగానే నడిపేవాళ్ళం. వైండింగు నాది, బేరింగులు అతనివి.

బేరింగు పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. మోటారు లోపల షాఫ్టు తిరగడానికి రెండు కొసలా రెండు ఉక్కు వలయాలు ఉంటాయి, వాటి మధ్య ఉక్కు గుండ్లు దొర్లుతుంటాయి. అదే బేరింగు. గుండ్లు అరిగితే మోటారు అరుస్తుంది. ఏ కొస బేరింగు పోయిందో మోటారు విప్పకుండానే తెలుసుకోవాలంటే కర్రపిడి స్క్రూడ్రైవర్ కొనను బేరింగు ఉన్నచోట ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కిపెట్టి వినాలి. కొత్త బేరింగు దూరాన సన్నటి వాన పడుతున్నట్టు ఒకే తీరుగా వినిపిస్తుంది. అరిగినది చేటలో నూకలు చెరుగుతున్నట్టు గరగరలాడుతుంది.

అది వినడంలో బాలయ్యను మించినవాణ్ణి నేను చూడలేదు. కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు విని, "ఎనకది పోయింది అన్న, ముంగటిది ఇంకో యేడు నడుస్తది" అనేవాడు. విప్పి చూస్తే అదే నిజమయ్యేది.

మా దుకాణానికి ఒక నియమం ఉండేది. ఏ ఇంట్లో బేరింగు మార్చినా, తీసిన పాతదాన్ని పేపర్లో చుట్టి ఇంటివాళ్ళ చేతిలో పెట్టి రావాలి. "ఇదిగో మీ పాతది" అని చూపించి ఇవ్వాలి. ఆ నియమం నేను పెట్టిందే. నేను అందర్నీ అనుమానిస్తాను కాబట్టి లోకమంతా నన్ను అనుమానిస్తుందని నా లెక్క.

ఆ ఏడాది ఊళ్ళో గాలి బాగాలేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తోంది. బడులు మూతపడ్డాయి, బందులు, ఊరేగింపులు. కొత్త మనిషి కనిపిస్తే ముందు "మీదెక్కడ?" అని అడిగి, ఆ తర్వాతే మాట కలిపేవారు. బాలయ్య బస్తీలో వాళ్ళు అతణ్ణి "ఆంధ్రోని దగ్గర నీకేం పని" అన్నారట. అతనే నవ్వుతూ నాకు చెప్పాడు. మా వైపు వాళ్ళు నా దగ్గర అతని గురించి అన్న మాటలు మాత్రం నేను అతనికి చెప్పలేదు. చెప్పకుండా లోపల దాచుకున్నాను. దాచుకున్న మాట ఊరికే ఉండదని నాకు అప్పటికి తెలియదు.

అశోక్‌నగర్‌లో కామేశ్వరమ్మ గారని ఒకావిడ ఉండేవారు. రాజమండ్రి మనుషులు, భర్తకు పెద్ద ఆఫీసులో ఉద్యోగం, సొంత ఇల్లు. పెరట్లో బావి, బావి పక్కన రేకుల చూరు కింద అర హార్సుపవరు నీళ్ళ మోటారు. మోటారూ పంపూ ఒకే షాఫ్టు మీద ఉండే రకం. రోజూ పొద్దున అరగంట వేస్తే మేడ మీద ట్యాంకు నిండేది. ఆషాఢంలో ఒకరోజు అది గట్టిగా అరుస్తోందని కబురు పెట్టారు.

బాలయ్య వెళ్ళి చూసి వెనక బేరింగు మార్చాడు. పాతది ఆవిడ చేతికిచ్చి వచ్చాడు. అది చాలా ఏళ్ళు పనిచేసినది, అరగడంలో వింత లేదు.

మూడు వారాలకు మళ్ళీ కబురు. ఈసారి నేనే వెళ్ళి విన్నాను. మళ్ళీ అరుపు, మళ్ళీ వెనక బేరింగే.

మంచి కంపెనీ బేరింగు, కాచిగూడలో నేను నమ్మే టోకు దుకాణంలో నేనే కొన్నది. ఏడేళ్ళు రావాలి. మూడు వారాలకు పోవడం ఏమిటి? కామేశ్వరమ్మ గారు నన్ను గేటు దగ్గర ఆపి, గొంతు తగ్గించి, "మీ పనిమనిషి ఇక్కడివాడే కదండీ సుబ్బారావు గారూ? కాస్త కన్నేసి ఉంచండి. రోజులు బాగాలేవు" అన్నారు. బాలయ్య పనిమనిషి కాదని ఆవిడకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఆ రోజే నా బుర్రలో పురుగు తొలచడం మొదలైంది. బాలయ్య కొత్త బేరింగు బయట అమ్ముకుని, ఎక్కడో దొరికిన పాతదాన్ని కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగిస్తున్నాడా? అలా చేసేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. ఆరేళ్ళుగా నా పక్కన కూర్చుని పనిచేసిన మనిషి. అడిగేస్తే పోయేది. అడగలేదు. దొంగను పట్టే పోలీసులా ఒక ఉపాయం పన్నాను.

మర్నాడు రెండోసారికి ఇవ్వాల్సిన కొత్త బేరింగు తీసుకుని, బయటి వలయం అంచు మీద ఆకురాయి మొనతో మూడు సన్నటి గీతలు గీశాను. వెతికితే తప్ప కనిపించవు. మూడో గీత గీసేటప్పుడు చెయ్యి జారి కొంచెం వంకర పోయింది. మళ్ళీ పేపర్లో చుట్టి ఏమీ ఎరగనట్టు బాలయ్య చేతికిచ్చాను.

సాయంత్రం అతను తిరిగొచ్చి, చేతులు కడుక్కోకుండా చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "అన్న, గా అశోక్‌నగర్ ఇంటి మోటరు మనం ఇడిసిపెడ్దాం."

ఎందుకన్నాను.

"బందువెట్టినంక గుడ ఎనక బేరింగు తిరుగుతున్నట్టే ఇనబడ్తున్నది. షాఫ్టు నా చేతుల పట్టుకున్న. తిరుగుతలేదు. సప్పుడు మాత్రం వస్తున్నది."

నేను పడీపడీ నవ్వాను. "ముందు చెవిలో గుబిలి తీయించుకో బాలయ్యా" అన్నాను. అతను నవ్వలేదు. పైకి నవ్వినా లోపల నేను అనుకున్నది వేరు. ఈ బేరింగు కూడా త్వరలో పోతుందని వీడికి ముందే తెలుసు, అందుకే ఇప్పుడే కథ అల్లుతున్నాడు అనుకున్నాను.

పది రోజులకు కామేశ్వరమ్మ గారు తానే దుకాణానికి వచ్చారు. మధ్యాహ్నం భోజనాల వేళ. దుకాణంలో ఇంకో ఇద్దరు ఖాతాదారులు ఫ్యాన్ల కోసం నిలబడి ఉన్నారు. ఆవిడ వాళ్ళందరి ముందూ, "మోటారు మళ్ళీ మొదటికొచ్చిందండీ. పైగా మీ నియమం ఏమైంది? పోయినసారి పాత బేరింగు మా చేతికివ్వనే లేదు" అన్నారు.

నేను బాలయ్య వైపు చూశాను. అతను తలవంచుకున్నాడు. అంతే, నాకు ఒళ్ళు తెలియలేదు. "నీ సంచి ఇటివ్వు" అన్నాను.

అతను నా ముఖంలోకి ఒకసారి చూసి సంచి ఇచ్చాడు. అందులో జొన్నరొట్టెల డబ్బా, ఉల్లిగడ్డ, తువ్వాలు ఉన్నాయి. తువ్వాలు మడతలో ఒక బేరింగు ఉంది. తిప్పి చూస్తే ఇసుక పోసినట్టు గరగరమంది.

"ఇదా నువ్వు చేస్తున్న పని? కొత్తవి అమ్ముకుని ఇలాంటివి బిగిస్తున్నావా?" అని అరిచాను.

"అది గా ఇంటిదే అన్న. మూడు వారాలల్ల పోయింది గదా, అదే. గా ఇంట్ల ఉంచబుద్ధి కాలే. నీకు చూపియ్యాల్నని తెచ్చిన."

"పది రోజులైంది. ఎందుకు చూపించలేదు?"

"నువ్వు నవ్వితివి గదా" అన్నాడు.

రొట్టెల డబ్బా, తువ్వాలు తీసుకుని దిగి వెళ్ళిపోయాడు. బేరింగు బల్ల మీదే ఉంది. పనిముట్లు కూడా వదిలేశాడు. కామేశ్వరమ్మ గారు "నేను ముందే చెప్పలేదుటండీ" అన్నారు. ఖాతాదార్లలో ఒకతను తలూపాడు. ఆ క్షణంలో నాకు గెలిచినట్టే అనిపించింది. అది కూడా దాచకుండా చెబుతున్నాను.

మర్నాడు పొద్దున పది గంటలకు నేనే అశోక్‌నగర్ వెళ్ళాను. రాత్రి వాన కురిసి వెలిసింది, మంచి ఎండ. పని మొదలుపెట్టే ముందు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. మా మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం అది. స్విచ్చి ఎవరైనా తెలియక వేయవచ్చు, జేబులోని ఫ్యూజును ఎవరూ వేయలేరు.

వెనక మూత విప్పి, పుల్లరుతో బేరింగు లాగి, కిరసనాయిలుతో కడిగి వెలుతురులో పెట్టి చూశాను. బయటి వలయం అంచున మూడు గీతలు ఉన్నాయి. మూడోది వంకర.

నేనిచ్చిన బేరింగే. బాలయ్య దాన్నే బిగించాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అయినా నా బుర్ర నా బుర్రే కదా. గీతలు చూసి, వేరే పాతదాని మీద తనే అలా గీశాడేమో అని కూడా ఆలోచించాను. కానీ నా చెయ్యి జారిన వంకర నాకు తెలియదా? అది నాదే.

పది రోజుల కిందటి బేరింగు. గుండ్లన్నీ గుంటలు పడ్డాయి. వాటిని పట్టి ఉంచే రేకు కాగితంలా పలచబడింది. గ్రీజు నల్లగా, ఉక్కుపొడితో మెరుస్తోంది. పదేళ్ళు పిండిమరలో తిరిగిన బేరింగు కూడా అలా ఉండదు.

అప్పుడు ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాను. నీళ్ళు దిగి పాడైందా అంటే నీళ్ళుండేది ముందు వైపు. ముందు బేరింగు పువ్వులా ఉంది, వెనకదే పోతోంది. తుప్పు జాడ లేదు. షాఫ్టు వంగిందేమోనని అద్దం పలక మీద దొర్లించాను, నిటారుగా ఉంది. మూతలో బేరింగు కూర్చునే గూడు వదులు లేదు. ఇక ఇంటివాళ్ళ మీద పడ్డాను. పక్కిళ్ళకు కూడా నీళ్ళు తోడి పోస్తున్నారేమో, రోజంతా మోటారు నడుపుతున్నారేమో అని అడిగాను. కామేశ్వరమ్మ గారికి కోపం వచ్చి కరెంటు కాగితాలు తెచ్చి ముందు పడేశారు. మీటరు చూశాను. అరగంట నడిచే మోటారుకు ఎంత కావాలో అంతే. ఈ బావిలో ఎవరైనా పడి చచ్చిపోయారా అని కూడా అడిగాను, అడుగుతున్నందుకు నాకే నవ్వొచ్చింది. ఇల్లు కట్టినప్పుడు తవ్విన బావి అది, మేక కూడా పడలేదన్నారు.

సరే అని, కంపెనీ కాగితం విప్పని కొత్త బేరింగు తీశాను. ఇనుప గొట్టం ముక్కను లోపలి వలయానికి ఆనించి చిన్నగా తట్టుకుంటూ ఎక్కించాను. మూత బిగించి, ఫ్యూజు పెట్టి, అయిదు నిమిషాలు నడిపాను. స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాను. సన్నటి వాన. నికార్సైన కొత్త బేరింగు.

మోటారు ఆపాను. ఫ్యూజు పీకి మళ్ళీ జేబులో వేసుకున్నాను. వెనక ఉండే చిన్న ఫ్యాను పూర్తిగా ఆగిందాకా చూసి, దాని రెక్కను ఎడమచేత్తో పట్టుకున్నాను. కుడిచేత్తో స్క్రూడ్రైవర్‌ను బేరింగు దగ్గర ఆనించి చెవి పెట్టాను.

ఆగిన మోటారును వినాల్సిన పని ఎవరికీ ఉండదు. నేను విన్నది బాలయ్య మాట అబద్ధమని తేల్చుకోవడానికి. బేరింగు విషయంలో అతని తప్పు లేదని తెలిసిపోయింది. కనీసం ఆ మోటారు కథ అయినా కట్టుకథ అని తేలితే, నేను చేసిన దాంట్లో సగమైనా తగ్గుతుందని ఆశపడ్డాను.

సన్నటి వాన వినిపిస్తోంది.

చెవి తీశాను. అంతా నిశ్శబ్దం. రెక్క నా వేళ్ళ మధ్య కదలకుండా ఉంది. మళ్ళీ పెట్టాను. వినిపిస్తోంది. కరెంటు ఉన్నప్పుడు వైండింగు నుంచి వచ్చే హుంకారం లేదు, బేరింగు దొర్లే శబ్దం ఒక్కటే. జేబు తడుముకున్నాను, ఫ్యూజు ఉంది. టెస్టరుతో తీగలు ముట్టి చూశాను, కరెంటు లేదు. పక్కింటి మోటారు శబ్దం నేలగుండా వస్తోందేమోనని స్క్రూడ్రైవర్‌ను గచ్చుకు ఆనించాను. ఏమీ లేదు. మోటారు నడుముకు ఆనించాను. లేదు. ముందు బేరింగుకు ఆనించాను. లేదు. వెనక బేరింగు దగ్గర మాత్రం ఉంది.

కామేశ్వరమ్మ గారిని పిలిచి, ఏమీ చెప్పకుండా, వినమన్నాను. ఆవిడ చెవి పెట్టి, "ఇంకా ఆపలేదా మీరు?" అన్నారు. అని, నా ఎడమచేతిలో ఉన్న రెక్క వైపు చూశారు. చెంగుతో చెవి తుడుచుకుని నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

నేను వదల్లేదు. గడియారం విప్పి గచ్చు మీద పెట్టుకుని వింటూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలకు శబ్దంలో ఒక సన్నటి జీర వచ్చింది. మంచి బేరింగులో రెండు మూడేళ్ళకు వచ్చే జీర అది. ఏడు నిమిషాలకు అక్కడక్కడా టిక్కుమంటోంది. పదో నిమిషం దాటాక నూకలు. ఆ తర్వాత గులకరాళ్ళు. పావుగంటలో ఒక బేరింగు జీవితమంతా విన్నాను. నా చెయ్యి రెక్కను ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళ మీద గాటు పడింది. అది ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

శబ్దం దానంతటదే ఆగింది. రెక్కను చేత్తో తిప్పాను. గరగరమంది.

మళ్ళీ విప్పాను. బేరింగు చల్లగా ఉంది. అంత అరుగుడు అరిగితే చెయ్యి కాలాలి. ఇది పొద్దుటి గచ్చంత చల్లగా ఉంది. గుండ్లు గుంటలు పడ్డాయి, గ్రీజు నల్లబడింది. నాకు భయం వేసింది. పట్టపగలు, ఎండలో, వంటింట్లోంచి పోపు వాసన వస్తుండగా భయం వేసింది.

ఆ మోటారును ఇక వాడొద్దని చెప్పి వచ్చేశాను. వాళ్ళు దాన్ని పాత సామాన్ల మనిషికి ఇచ్చేసి కొత్తది బిగించుకున్నారు. అదే గచ్చు, అదే బావి, అవే తీగలు. అది ఏళ్ళ తరబడి చక్కగా నడిచింది. పాత మోటారు ఎవరి చేతికి వెళ్ళిందో తెలుసుకుందామని ముషీరాబాద్ నుంచి దోమలగూడ దాకా పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను, దొరకలేదు.

కామేశ్వరమ్మ గారు ఆ తర్వాత మాట మార్చారు. నెల తిరిగేసరికి, సుబ్బారావు పనికిమాలిన బేరింగులు బిగించి మోటారు పాడుచేశాడని వీధిలో చెప్పారు. నేను వెళ్ళి "మీరూ విన్నారు కదమ్మా" అంటే, "నేనేం విన్నానండీ? మీరు వినమన్నారు, నాకేమీ వినపడలేదు" అన్నారు. నా కళ్ళలోకి చూసే అన్నారు. అశోక్‌నగర్ నుంచి నాకు పని రావడం చాలాకాలం ఆగిపోయింది. చెయ్యని తప్పు మీద పడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది.

తర్వాతి రోజుల్లో ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లను అడిగాను. ఒకాయన, కరెంటు షాఫ్టులోంచి దొంగదారిన పోతే గుండ్లు గుంటలు పడతాయన్నాడు. ఫ్యూజు నా జేబులో ఉందన్నాను. ఇంకొకాయన నా బేరింగు నకిలీదన్నాడు. అదే పెట్టెలోని దాన్ని ఇంకో ఇంట్లో బిగించాను, ఆరేళ్ళు నడిచింది. మూడో ఆయన నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. దాంతో అడగడం తగ్గించాను.

బాలయ్య దగ్గరికి వెళ్ళిన సంగతి చివరికి ఉంచాను. రాయడం కష్టంగా ఉండి.

ఆ మోటారు విన్న రోజు మధ్యాహ్నమే, గ్రీజు చేతులతోనే, ముషీరాబాద్‌లో అతని బస్తీకి సైకిలు తొక్కాను. గడపలో కూర్చుని చెప్పుకు మేకు కొట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, లోపలినుంచి పీట తెచ్చి వేశాడు. జరిగిందంతా చెప్పాను. అడ్డు రాకుండా విన్నాడు. "పావుగంటలనేనా?" అని మాత్రం అడిగాడు. నేను విన్నానంటే అతనికి ఆశ్చర్యం లేదు, సంతోషం కూడా లేదు.

"తప్పయిపోయింది బాలయ్యా. నలుగురిలో నీ సంచి వెతికాను. నన్ను క్షమించి రా, దుకాణం నీది కూడా" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అతను సుత్తి పక్కన పెట్టాడు. "మోటరుది నాకు గుడ ఎర్కలేదు అన్న. అది దేవునికెర్క. సంచిది గుడ పోనీ, కోపంల ఎవరైన చేస్తరు" అన్నాడు. చెప్పులో మేకును వేలితో తడిమి, "గీతలు సూసిన" అన్నాడు.

ఎప్పుడన్నాను.

"బిగించేటప్పుడే సూసిన. మూడు గీతలు. ఒకటి వంకర వోయింది. కంపెనీవి అట్ల ఉండయి. జరసేపు చేతుల పట్టుకోని కూసున్న. మల్ల బిగించి వచ్చిన. ఆ పది దినాలు నీ పక్కనే కూసోని పని చేసిన."

"చూసినవాడివి అప్పుడే నన్ను అడగాల్సింది కదా బాలయ్యా!"

"అడిగితే నువ్వేం చెప్తుంటివి అన్న?"

అందులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. లోపలినుంచి అతని భార్య చాయ్ తెచ్చి ఇచ్చింది. తాగాను. అతను మళ్ళీ సుత్తి తీసుకుని చెప్పు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు.

దుకాణానికి మళ్ళీ రాలేదు. అతని పనిముట్లు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ మోటారులో ఏం జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి ఇప్పుడు నామోషీ లేదు, అడిగినవాళ్ళకు అదే చెబుతాను. బాలయ్య అడిగినదానికి ఏం చెప్పి ఉండేవాణ్ణో అదీ తెలియదు. ఇది తెలియదన్న మాట మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.